రక్తం పల్చబడే మందులు: కొత్తగా డ్యూటీలో చేరిన నర్సులు నన్ను అడిగే ప్రశ్నలు

పద్నాలుగేళ్లు గుండె ఆపరేషన్ల వార్డులో చేశాను, ఇప్పుడు ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె) ఓపీలో కూర్చుంటున్నాను. ఏటా కొత్త బ్యాచ్ పిల్లలు వస్తారు, అవే ప్రశ్నలు అడుగుతారు, నేనూ అవే జవాబులు చెబుతాను. ఈసారి గొంతు పోయింది, అందుకని రాసి పెడుతున్నాను. డోసు నిర్ణయించేది డాక్టరే, అందులో మనం వేలు పెట్టం. కానీ ఆ డోసు పేషెంటు కడుపులోకి ఎలా వెళ్తోంది, వెళ్తోందా అసలు, మధ్యలో ఏం కలిసింది, ఇదంతా కనిపెట్టాల్సింది మనమే.

అసలు రక్తం నిజంగా పల్చబడుతుందా సిస్టర్?

లేదు. చిక్కదనం అంతే ఉంటుంది, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. కాలేయం విటమిన్ కె వాడుకుని గడ్డకట్టించే ప్రొటీన్లు (2, 7, 9, 10 నంబర్లవి) తయారు చేస్తుంది. వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మాత్రలు ఆ పనికి అడ్డుపడతాయి. ఇంత చిన్న విషయానికి ఇంత వివరం ఎందుకంటే, మనం "రక్తం పల్చబడే మాత్ర" అనేసి ఊరుకుంటే పేషెంటు దాన్ని అక్షరాలా పట్టుకుంటాడు. "రక్తం నీళ్లయిపోయి నీరసం వస్తోందమ్మా, అందుకే వారం నుంచి ఆపేశాను" అన్న పెద్దాయన్ని నేను ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. వాల్వు మార్చిన మనిషి వారం ఆపడం అంటే మాటలు కాదు. అందుకే నేను "రక్తం గడ్డకట్టకుండా కాపాడే మాత్ర" అంటాను, రెండు మాటలు ఎక్కువైనా సరే.

ఇంకో గొడవ, చదువుకున్న కొడుకులతో. నెట్‌లో వెతికి "మా నాన్నకు ఎలకల మందు ఇస్తున్నారా?" అని మీద పడతారు. అబద్ధం కాదు మరి. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం కారి చచ్చిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ అనే ఆయన బృందం ఆ గడ్డిలోంచి అసలు పదార్థం బయటికి తీసింది, దాని దారిలోనే వార్ఫరిన్ వచ్చింది. 1948లో ఎలకల మందుగా అమ్మారు, 1954 నుంచి మనుషులకు వాడుతున్నారు. ఇది దాచకుండా చెప్పేయండి. దాస్తే అనుమానం, చెబితే "ఓహో" అని కూర్చుంటారు.

ఎసిట్రోమ్, వార్ఫ్, ఎకోస్ప్రిన్ అన్నీ ఒకటేనా? పేషెంట్లు అన్నింటినీ రక్తం మాత్రే అంటున్నారు.

ఒకటి కాదు. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ ప్లేట్‌లెట్లను అంటుకోనివ్వవు, స్టెంట్ వేసినవాళ్లకు ఎక్కువగా ఇస్తారు, వాటికి ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కర్లేదు. ఎసిట్రోమ్ (ఎసినోకూమరాల్), వార్ఫ్ (వార్ఫరిన్) వేరే జాతి, వాటికి ఐఎన్‌ఆర్ చూడకుండా ఉండకూడదు. కొంతమందికి రెండు రకాలూ కలిపి ఇస్తారు, అప్పుడు రక్తం కారే భయం ఎక్కువ. కాబట్టి "రక్తం మాత్ర వేసుకుంటున్నా" అంటే తల ఊపి ముందుకు పోకండి. షీటు చూపించమనండి. షీటు తేకపోతే ఇంటికి ఫోన్ చేయించి, పేరు, ఎంజీ చదివించండి.

నాకు ఈ అలవాటు ఊరికే రాలేదు. ఒకావిడ ఐఎన్‌ఆర్ 7 దాటి వచ్చింది. తిండి మారలేదు, కొత్త మందు లేదు, జ్వరం లేదు. సంచీ బోర్లించమన్నాను. అందులో ఎసిట్రోమ్ 2 ఎంజీ ఒకటి, అదే మందు వేరే కంపెనీ పేరుతో ఇంకొకటి. ఆస్పత్రిలో ఇచ్చింది ఒకటి, ఊళ్లో మందుల షాపులో చీటీ చూపిస్తే ఇచ్చింది మరొకటి. డబ్బాలు వేరు, రంగులు వేరు, ఆవిడ రోజూ రెండూ వేసుకుంది. "రెండూ మీరిచ్చినవేగా సిస్టరమ్మా" అంది. ఏం చెప్తాం!

ఇంకొకటి, ఎసిట్రోమ్ 1, 2, 3, 4 ఎంజీలలో దొరుకుతుంది. షాపులో 2 లేకపోతే 4 ఇచ్చి "సగం వేసుకో" అంటారు. ఆ సగం మాట ఇంటికి చేరేలోపు గాల్లో కలిసిపోతుంది.

ఐఎన్‌ఆర్ ఎంత ఉండాలి? ఒక్కొక్కరికి ఒక్కో రకంగా రాస్తున్నారెందుకు?

ఏ మందూ వాడని మనిషికి దాదాపు 1 ఉంటుంది. గుండె లయ తప్పినవాళ్లకు, కాలి సిరల్లో గడ్డ కట్టినవాళ్లకు సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు వేసినవాళ్లకు 2.5 నుంచి 3.5 దాకా. రక్తం చాలా వేగంగా వెళ్లే అయోర్టిక్ వాల్వు దగ్గరకంటే మైట్రల్ దగ్గర గడ్డ కట్టే భయం ఎక్కువ, అందుకని తేడా. ఒక్కో పేషెంటుకు డాక్టరు పెట్టిన లక్ష్యం ఫైలు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాయండి, మూడు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

ఒకే ల్యాబులో చేయించమనండి. ల్యాబు ల్యాబుకీ వాడే రసాయనం మారుతుంది. ఆ తేడాను సరిచేయడానికే 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఐఎన్‌ఆర్ లెక్క తెచ్చింది, అయినా కొంచెం అటూ ఇటూ అవుతూనే ఉంటుంది.

మాత్ర సాయంత్రం వేళ వేసుకోమంటాం. పొద్దున పరీక్ష అయ్యాక డోసు మారితే ఆ రోజే మార్చుకోవచ్చని. మార్చిన డోసు ఫలితం ఐఎన్‌ఆర్‌లో కనిపించాలంటే రెండు మూడు రోజులు పడుతుంది, రేపే మళ్లీ పరీక్ష చేయించి "తగ్గలేదేంటి" అని కంగారు పడొద్దు.

బ్లూ క్యాప్ ట్యూబులో గీత దాకా నిండకపోతే ఏమవుతుంది?

తప్పుడు రిపోర్టు వస్తుంది. ఆ ట్యూబులో సిట్రేటు ద్రవం ఉంటుంది, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు లెక్క. రక్తం తక్కువ పడితే సిట్రేటు ఎక్కువై, ఐఎన్‌ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. డాక్టరు ఆ అంకె చూసి డోసు తగ్గిస్తారు, పేషెంటుకు గడ్డ కడుతుంది. తప్పు మాత్రం మనది. పర్పుల్ క్యాప్ ట్యూబు కంటే ముందు ఇది తీయండి, తీశాక మూడు నాలుగుసార్లు మెల్లగా తిప్పండి, కాక్‌టెయిల్ కలిపినట్టు ఊపకండి. హెపారిన్ (నరంలోకి ఎక్కించే, గడ్డకట్టనివ్వని మందు) ఎక్కుతున్న చేతిలోంచి ఏపీటీటీకి (హెపారిన్ ఎంత పనిచేస్తోందో చూసే పరీక్ష) రక్తం తీయకూడదు, రెండో చెయ్యి వాడండి. తీశాక దూది పెట్టి మీరే ఐదు నిమిషాలు నొక్కి పట్టండి. "మడిచి పట్టుకో తాతా" అని చెప్పి వెళ్లిపోతే సాయంత్రానికి మోచెయ్యి నల్లగా ఉబ్బుతుంది.

ఐఎన్‌ఆర్ 5 దాటింది. రాత్రి పదకొండుకి డాక్టర్‌కి ఫోన్ చేస్తే తిడతారేమో?

తిట్టనివ్వండి. కానీ ఫోన్ చేసేముందు పేషెంటు దగ్గరికి వెళ్లండి, ఉట్టి అంకెతో చేస్తే నిజంగానే తిడతారు, అందులో తప్పూ లేదు. ఎక్కడైనా రక్తం వస్తోందా, తలనొప్పి ఉందా, మలం తారులా నల్లగా ఉందా (ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకూ నల్లగానే వస్తుంది, అదీ అడగండి), మూత్రం ఎర్రగా వస్తోందా, ఈవేళ మాత్ర వేసుకున్నారా లేదా, ఈ పది రోజుల్లో కొత్త మందేమైనా కలిసిందా. ఇవి చీటీ మీద రాసుకుని ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది.

రక్తం రాకుండా అంకె మాత్రమే పెరిగితే చాలాసార్లు ఒకటి రెండు డోసులు ఆపి మళ్లీ చూద్దాం అంటారు. 10 దాటితే నోటి ద్వారా విటమిన్ కె ఇవ్వమంటారు. రక్తం కారుతుంటే ఇక అంకెతో పనిలేదు, అది ఎమర్జెన్సీ. విటమిన్ కె నరంలోకి, దానితోపాటు పీసీసీ (గడ్డకట్టించే ప్రొటీన్లు నేరుగా ఇచ్చే మందు), అది దొరకకపోతే ప్లాస్మా. విటమిన్ కె ఒక్కటే ఇస్తే పని మొదలుపెట్టడానికే గంటలు పడుతుంది, అందుకని ఆ రెండోది. నరంలోకి ఇచ్చేటప్పుడు సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాలి, గబుక్కున తోస్తే రియాక్షన్ వచ్చి బీపీ పడిపోవచ్చు. లోహపు వాల్వు ఉన్న పేషెంటు అయితే ఆ సంగతి ఫోన్‌లో మొదటి ముక్కగా చెప్పండి. విటమిన్ కె ఎక్కువ పడితే వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంది, పైగా తర్వాత చాలా రోజులు మాత్ర పనిచేయదు.

ఆకుకూరలు పూర్తిగా మానేయమని చెప్పాలా?

వద్దు. ఇది నేను కొత్తలో చేసిన తప్పే. అందరికీ "ఆకుకూరలు బంద్" అని చెప్పేదాన్ని. గోదావరి వైపు నుంచి వచ్చిన ఒకావిడ మొహం మీదే అడిగింది, "గోంగూర లేదు, తోటకూర లేదు, మునగాకు లేదు, మరి నేను అన్నంలో ఏం కలుపుకోవాలి తల్లీ?" అని. వారానికి నాలుగు రోజులు ఆకుకూరతో గడిచే ఇంట్లో అది మానేయమంటే పదిరోజులు మానేస్తారు, పదకొండో రోజు గిన్నెడు తింటారు. ఐఎన్‌ఆర్ ఊయల ఊగుతుంది. ఆకుల్లో ఉన్న విటమిన్ కె సమస్య కాదు, ఈ వారం ఉండి వచ్చే వారం లేకపోవడమే సమస్య. ఎప్పుడూ తినేంత తినండి, ఒకేలా తినండి, దానికి తగ్గట్టు మాత్ర సర్దుతాం అని చెప్పండి.

పుస్తకంలో రాయని చిక్కులు కొన్ని ఉన్నాయి. కార్తీకమాసం రాగానే మా ఓపీలో అంకెలు తారుమారవుతాయి. నీచు మానేస్తారు, ఒంటిపూట భోజనం, ఉపవాసాలు, ఆకుకూరలు పెరుగుతాయి. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు తిండి మొత్తం మారిపోతుంది. మాల వేసుకోవద్దని చెప్పడం మన పని కాదు, చెప్పినా వినరు. "స్వామీ, మాల వేసుకున్న వారం తర్వాత ఒకసారి, తీసిన వారం తర్వాత ఒకసారి రక్తం చూపించుకోండి" అంటే మాత్రం తప్పకుండా వస్తారు. రంజాన్ ఉపవాసానికైతే ఇబ్బంది తక్కువ, రోజుకొక మాత్రే కాబట్టి ఇఫ్తార్ తర్వాత వేసుకుంటారు.

జ్వరమో విరేచనాలో వచ్చి నాలుగు రోజులు తిండి సరిగ్గా తినకపోతే ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. పండక్కి ఒకేసారి బాగా తాగితే పెరుగుతుంది. ఆడవాళ్ల ముందు మగవాళ్లు తాగుడు సంగతి చెప్పరు, పక్కకి పిలిచి అడగండి.

పోయినసారి వచ్చినప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? ఇదొక్కటే నేను ప్రతి పేషెంటునీ అడిగేది. "ఏం మారలేదమ్మా" అంటారు. ఊరుకోకండి. ఏం తిన్నారు, ఎక్కడికెళ్లారు, ఎవరి పెళ్లి అయ్యింది, ఒంట్లో ఎలా ఉంది అని కబుర్లలో పెడితే మూడో మాటకో నాలుగో మాటకో బయటపడుతుంది.

వేరే మందులతో ఏవి పడవు? లిస్టు ఇవ్వండి.

లిస్టు గోడ మీద అంటించి ఉంటుంది, ఎవరూ చదవరు. రోజూ ఎదురయ్యేవి చెబుతాను. కడుపుకి వాడే మెట్రోనిడజోల్, ఫంగస్‌కి వాడే ఫ్లూకోనజోల్, కోట్రైమాక్సజోల్ ఐఎన్‌ఆర్‌ని బాగా పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ బాగా తగ్గిస్తుంది, ఆ కోర్సు అయిపోయి ఆపేసిన తర్వాత మళ్లీ పైకి పోతుంది, టీబీ తగ్గిందన్న సంతోషంలో అందరూ మర్చిపోయేది ఈ రెండో భాగమే. నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, పారాసిటమాల్ నయం, అదీ రోజుల తరబడి ఎక్కువ డోసులో అయితే ఐఎన్‌ఆర్ పెంచుతుంది. పసరు మందులు, లేహ్యాలు, కషాయాలు అడిగి తెలుసుకోండి. కోప్పడితే మాత్రం ఈ జన్మలో చెప్పరు.

అన్నిటికంటే నాకు భయం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే నడుంనొప్పి సూది. ఒక రైతు, వాల్వు ఆపరేషన్ అయ్యి రెండేళ్లు, నాట్లప్పుడు నడుం పట్టేసి పిరుదుకి సూది వేయించుకున్నాడు. మర్నాటికి పిరుదు సొరకాయంత వాచి, తొడ దాకా నల్లబడి, ఆటోలో పక్కకి ఒరిగి కూర్చుని వచ్చాడు. కండలో సూది, పైగా డైక్లోఫెనాక్, పైగా ఎసిట్రోమ్. ఆ ఆర్‌ఎంపీది చెడ్డ బుద్ధి కాదు, ఈయన చెప్పలేదు, ఆయన అడగలేదు. అప్పటినుంచి నేను డిశ్చార్జి రోజున పేషెంటు చేత మూడుసార్లు పలికిస్తాను: "నేను రక్తం మాత్ర వాడుతున్నా, కండకి సూది వేయొద్దు." నవ్వుతారు, కానీ గుర్తుంటుంది. ఆ మాటే రాసిన చిన్న కార్డు ఆధార్ కార్డు వెనకాల పెట్టించండి, ఆధార్ ఎక్కడికెళ్లినా జేబులో ఉంటుంది.

హెపారిన్ పంపు పెట్టాలంటే చేతులు వణుకుతున్నాయి.

వణకాలి కూడా. హెపారిన్‌ను తేలిగ్గా తీసుకునే నర్సుని చూస్తే నాకు భయం.

మొదట వయల్ సంగతి. 5 ఎంఎల్ వయళ్లు రెండు రకాలు వస్తాయి. ఒకదాంట్లో ఎంఎల్‌కి 1000 యూనిట్లు, అంటే మొత్తం 5000. రెండోదాంట్లో ఎంఎల్‌కే 5000, అంటే మొత్తం 25,000. రెండింటి మీదా 5000 అన్న అంకె కనిపిస్తుంది. నేను చేరిన రెండో ఏడు, నైటు డ్యూటీ, తెల్లారుజామున మూడో నాలుగో. 5000 యూనిట్ల బోలస్ (ఒకేసారి ఇచ్చే డోసు) అని ఆర్డర్. వయల్ మీద 5000 చూశాను, మొత్తం 5 ఎంఎల్ లాగేశాను. మంచం దాకా వెళ్లాను కూడా. పక్క బెడ్ దగ్గరున్న సీనియర్ సిస్టర్ తలెత్తి "ఎన్ని ఎంఎల్ లాగావే?" అంది. అంతే. ఐదు రెట్లు. ఆవిడ అరవలేదు, సిరంజ్ నా చేతిలోంచి తీసుకుని ట్రేలో పెట్టి "వెళ్లి మొహం కడుక్కురా" అంది. ఆ రోజు నించి ఈ రోజు దాకా రెండో మనిషి చూడకుండా నేను హెపారిన్ ఇవ్వలేదు. రెండో మనిషి అంటే "సరిగ్గానే ఉందిగా అక్కా" అని మీరు చూపిస్తే తలూపే మనిషి కాదు, ఆర్డర్ చూసి తనంతట తాను లెక్క వేసే మనిషి. పెద్ద పెద్ద ఆస్పత్రులకూ ఇది తప్పలేదు, 2007లో లాస్ ఏంజిలిస్‌లో హాలీవుడ్ నటుడు డెనిస్ క్వైడ్ కవల పసిపిల్లలకు ఎంఎల్‌కి 10 యూనిట్లది ఇవ్వాల్సిన చోట 10,000 యూనిట్లది ఇచ్చేశారు. అదృష్టం, పిల్లలు బతికారు.

లెక్క ఎలాగంటే, 25,000 యూనిట్లు 50 ఎంఎల్‌లో కలిపితే ఎంఎల్‌కి 500. గంటకు 1000 యూనిట్లు కావాలంటే పంపు గంటకు 2 ఎంఎల్ మీద పెట్టాలి. మీ వార్డులో 50 కాకుండా వేరే పలుచన వాడుతుంటే లెక్క మారిపోతుంది, వేరే ఆస్పత్రిలో నేర్చుకున్న అంకె ఇక్కడ వాడకండి. మొదలుపెట్టిన ఆరు గంటలకు, డోసు మార్చిన ప్రతిసారీ ఆరు గంటలకు ఏపీటీటీ. డ్యూటీ మారేటప్పుడు పంపు దగ్గరే నిలబడి హ్యాండోవర్ ఇవ్వండి, కౌంటర్ దగ్గర కాదు.

ప్లేట్‌లెట్లు చూస్తూ ఉండండి. హెపారిన్ మొదలైన ఐదు నుంచి పది రోజుల మధ్య సగానికి సగం పడిపోతే "డెంగ్యూ సీజన్ కదా" అని సర్దుకోవద్దు. హెపారిన్ వల్లే అలా పడిపోయే జబ్బు ఒకటుంది, అందులో విచిత్రంగా రక్తం కారడం కాదు, గడ్డలు కడతాయి. వెంటనే డాక్టరుకు చెప్పండి. క్యాన్యులాలో హెపారిన్ ఫ్లష్ కూడా ఆపాల్సి ఉంటుంది, అది చాలామంది మర్చిపోతారు.

బొడ్డు దగ్గర వేసే సూదికి నల్లమచ్చలు వస్తున్నాయి, పేషెంటు వాళ్లు గొడవ పడుతున్నారు.

కొంచెం మచ్చ రావడం మామూలే, ముందే చెప్పి వేయండి. ఎక్కువ వస్తుంటే వేసే తీరు చూసుకోండి. ఎనాక్సాపారిన్ (హెపారిన్ జాతిదే, చర్మం కింద వేసేది) సిరంజ్‌లో గాలి బుడగ ఉంటుంది, డోసు మొత్తం ఇస్తున్నప్పుడు దాన్ని తీసేయకూడదు, మందంతా లోపలికి పోవడానికి అది సాయం. 60 ఎంజీ సిరంజ్‌లోంచి 50 ఎంజీ ఇవ్వాల్సి వస్తే సూది కిందికి ఉండేలా పట్టుకుని అదనపు మందు వదిలేయండి. బొడ్డుకి రెండంగుళాల దూరంలో, పొట్ట పక్కన, చర్మం మడత పట్టుకుని సూది నిలువుగా పూర్తిగా దించండి, మందు అయ్యేదాకా మడత వదలొద్దు. తీశాక రుద్దకండి. మనవాళ్లకి సూది వేశాక దూదితో గిర్రున తిప్పి రుద్దే అలవాటు చేతుల్లో ఉండిపోయింది, సగం మచ్చలు దానివల్లే. ఈ పూట కుడివైపు, ఆ పూట ఎడమవైపు. మూత్రపిండాలు సరిగ్గా లేని పేషెంటుకి డోసు తగ్గించాల్సి ఉంటుంది, క్రియాటినిన్ చూశారా అని ఒకసారి గుర్తుచేయండి.

గడ్డ కట్టిందని మనకెలా తెలుస్తుంది? అందరూ రక్తం కారడం గురించే చెబుతున్నారు.

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి పడిపోవడం అందరికీ తెలుసు. వాల్వు సంగతి వేరే. లోహపు వాల్వు గడియారంలా టిక్ టిక్ అంటుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన చిత్ర వాల్వు 1990 నుంచి మన దేశంలో వేస్తున్నారు, అదైనా, బయటి దేశాలదైనా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పక్కన పడుకున్నవాళ్లకు వినిపిస్తుంది.

ఒక రోజు ఓపీలో ఒకావిడ, భర్త చీటీ రాయించుకుంటుంటే, మామూలుగా అంది నాతో: "రెండు రాత్రుల నుంచి ఆయన గుండెలో గడియారం చప్పుడు వినిపించట్లేదు సిస్టర్, నాకు నిద్ర బాగా పడుతోంది." నవ్వుతూనే అంది. నేను ఆయన్ని అడిగితే, అవును, నిన్నటి నుంచి మెట్లెక్కుతుంటే ఆయాసం అన్నాడు. నాలుగు రోజులు ఊరెళ్లి మాత్రలు మర్చిపోయాడట. స్టెతస్కోప్ పెడితే క్లిక్ మూగబోయినట్టుంది. చక్రాల కుర్చీలో ఎకోకి (గుండె స్కాన్) తోసుకుపోయాం, వాల్వు ఆకు ఒకటి గడ్డ పట్టి సరిగా కదలట్లేదు. చప్పుడు తగ్గిందా అని పేషెంటుని కాదు, పక్కన పడుకునే మనిషిని అడగాలని నాకు నేర్పింది ఆవిడే.

ఆడ పేషెంట్లను ప్రత్యేకంగా ఏమడగాలి?

మన దగ్గర వాల్వు ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి చిన్నప్పటి కీళ్లవాతం జ్వరమే కారణం, అంటే వయసులో ఉన్న ఆడపిల్లలు చాలామంది ఉంటారు. నెలసరిలో ఎక్కువ పోతోందా అని మీరే అడగండి. మగ డాక్టరు అడిగితే "బానే ఉంది సార్" అంటారు, హిమోగ్లోబిన్ మాత్రం 6 ఉంటుంది.

నెల తప్పితే ఆలస్యం చేయకుండా రావాలి, మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదనే ఇంటి ఆచారం ఇక్కడ కుదరదు. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య వార్ఫరిన్ జాతి మందులు బిడ్డ ఎముకలు, ముక్కు సరిగా ఏర్పడకుండా చేయగలవు. అలాగని భయపడి తనంతట తాను మాత్ర ఆపేస్తే తల్లి వాల్వు మూసుకుపోతుంది. రోజుకి ఎంత డోసు వాడుతోంది, ఎప్పుడు హెపారిన్‌కి మార్చాలి అన్నది గుండె డాక్టరు, కాన్పుల డాక్టరు కలిసి తేల్చాలి. ఆ ఇద్దరినీ ఒకే రోజు చూపించే ఏర్పాటు మనం చేయగలం. పెళ్లి కుదిరిన అమ్మాయి ఓపీకి వస్తే అప్పుడే, తల్లిని బయట కూర్చోబెట్టి, ఈ మాట చెప్పేయండి. కాన్పయ్యాక వార్ఫరిన్ వాడుతూ పాలివ్వచ్చు, ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

కొత్త మాత్రలకి ఐఎన్‌ఆర్ అక్కర్లేదట కదా, అందరికీ అవే ఇవ్వచ్చుగా?

డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, ఎపిక్సాబాన్. ఐఎన్‌ఆర్ అక్కర్లేదు, ఆకుకూరల గొడవ లేదు, నిజమే. కానీ లోహపు వాల్వు వాళ్లకు పనికిరావు. డాబిగాట్రాన్‌ని వాళ్ల మీద పరీక్షిస్తే గడ్డలూ, రక్తస్రావమూ రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. కీళ్లవాతంతో వాల్వు ఇరుకైపోయి గుండె లయ తప్పినవాళ్లలోనూ పాత మందే మేలని 2022లో ఇన్విక్టస్ అనే పెద్ద అధ్యయనంలో తేలింది, అందులో చూసింది రివరోక్సాబాన్‌ని. "మా పక్కింటాయనకి పరీక్ష లేని మాత్ర ఇచ్చారు, నాకెందుకివ్వరు" అనే పేషెంటుకి ఇదే చెప్పండి. ఈ మాత్రల ప్రభావం ఒక రోజులో దిగిపోతుంది కాబట్టి ఒక పూట మర్చిపోవడం కూడా నష్టమే. రివరోక్సాబాన్ 15, 20 ఎంజీలవి భోజనంతో వేసుకోవాలి. డాబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పి పొడి కలపకూడదు, ముక్కు గొట్టంలో వేయడానికి ఎవరైనా విప్పబోతే ఆపండి.

పన్ను పీకించుకోవాలంటే మాత్ర ఆపాలా?

వాళ్లంతట వాళ్లు ఆపకూడదు. ఐఎన్‌ఆర్ లక్ష్యంలో ఉంటే ఒకటి రెండు పళ్లకు సాధారణంగా ఆపకుండానే తీస్తారు. పళ్ల డాక్టరు చేత మన డాక్టరుకు ఫోన్ చేయించండి. వేపపుల్ల మానేసి మెత్తటి బ్రష్ వాడమని కూడా ఇప్పుడే చెప్పండి.

వార్డులో పేషెంటు బాత్రూంలో జారిపడ్డాడు. తల తగిలింది, కానీ బానే మాట్లాడుతున్నాడు.

బానే మాట్లాడుతున్నా డాక్టరుని పిలవండి, స్కాన్ అడగండి. ఈ మందు మీద ఉన్నవాళ్లకి తలలోపల మెల్లగా కారుతుంది, మొదటి గంటల్లో ఏమీ తెలియదు. పడిన టైము, తెలివి, కంటిపాపలు, వాంతి, తర్వాతి డోసు ఇచ్చారా ఆపారా, అన్నీ రాయండి. "ఏం కాలేదులే, పేషెంటు వాళ్లకి తెలిస్తే గొడవ" అని రాయకుండా వదిలేసిన కేసు నేను చూశాను. వివరాలు చెప్పను. రాయండి, అంతే.

రాత్రి మాత్ర వేసుకున్నారో లేదో గుర్తులేదంటారు. అప్పుడేం చెప్పాలి?

గుర్తులేకపోతే ఆ రోజుకి వదిలేయమనండి. మర్చిపోయానని ఖాయంగా తెలిసి, అదే రోజు గుర్తొస్తే వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోకూడదు, ఓపీకి వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాలి. సగం మాత్రలు కత్తిపీట మీదా, పళ్లతోనూ విరిచేవాళ్లున్నారు, షాపులో మాత్రలు కోసే డబ్బా దొరుకుతుంది, కొనిపించండి. ఇక గుర్తుండటానికి ఫోన్ అలారాలు అవీ నేను చాలా చూశాను, మోగుతాయి, ఆపేస్తారు. మా పేషెంట్లకు పనిచేసింది వంటింటి గోడకున్న తిథుల క్యాలెండరు. మాత్ర వేసుకోగానే ఆ రోజు గడిలో టిక్కు, డోసు రోజు మార్చి రోజు వేరుగా ఉంటే ముందే గడిలో ఎంజీ రాసి పెట్టాలి. ఓపీకి వచ్చేటప్పుడు ఆ నెల కాయితం చించి తెమ్మంటాను, పాలవాడి లెక్కలూ, గ్యాసు వచ్చిన తేదీలూ, నా టిక్కులూ అన్నీ అందులోనే ఉంటాయి. పెన్ను మాత్రం క్యాలెండరుకే దారంతో కట్టి వేలాడదీయమనండి, లేకపోతే పిల్లలు ఎత్తుకుపోతారు.